ఇంటాయన తొలిగుక్క

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి షామీర్‌పేట క్లబ్‌హౌస్‌లో తొమ్మిదిమంది ప్లాట్ల ఏజెంట్లు నోటినిండా ఫ్రాన్సు వైను పట్టుకుని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. మింగాలో ఉమ్మాలో తెలియక వాళ్ల బుగ్గలు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నాలుక మీద అటూ ఇటూ తిప్పండి సార్. చాలు. ఇప్పుడు ఇందులో ఉమ్మేయండి" అంటూ శ్రీదివ్య స్టీలు బకెట్టును వాళ్ల ముందుకు జరిపింది.

ముందు తను చేసి చూపించింది. పెదాలు సన్నగా చేసి, తల వంచి, చప్పుడు లేకుండా ఒక్క ధార. బట్టల మీద చుక్క పడలేదు. ఆ విద్య పట్టుబడటానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. ఏజెంట్లకు అంత ఓపిక ఎక్కడిది? ఒకాయన గురి తప్పి బకెట్టు అంచు మీద ఉమ్మాడు. ఇంకొకాయన గడ్డం మీంచి కారినదాన్ని టేబుల్ మీది తెల్లగుడ్డతో తుడుచుకున్నాడు. మూడో ఆయన బుగ్గలో గుట్కా ఉన్న సంగతి మరిచిపోయాడేమో, ఎర్రవైనుతోబాటు నాలుగు వక్కపలుకులు కూడా బకెట్టులోకి దిగాయి. శ్రీదివ్య ఒక్కడుగు వెనక్కి వేసింది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. ఇక్కడ జీతం ఇచ్చేది ఆ నవ్వుకే.

క్లబ్‌హౌస్ హరీష్‌ది. చుట్టూ లేస్తున్న విల్లాలూ అతనివే. కొనడానికి వచ్చినవాళ్లకు, అమ్మిపెట్టే ఏజెంట్లకు ముందు వైన్ రుచి చూపించి, తర్వాత విల్లాలు చూపించడం అతను మూడు వారాల కింద మొదలుపెట్టిన పద్ధతి. నాలుగు గుక్కలు లోపలికి పోయిన మనిషికి బురదగుంట కూడా చెరువులాగే కనబడుతుందని అతని నమ్మకం. ఏ వైను ఏ దేశానిదో, ఎలా ఉంటుందో, దేంతో తింటే బాగుంటుందో చెప్పడం శ్రీదివ్య పని. తెల్లవి మూడు, ఎర్రవి మూడు. నాసిక్ తెల్లదాంట్లో దోరజామకాయ, న్యూజిలాండ్‌దాంట్లో అప్పుడే కోసిన పచ్చగడ్డి, స్పెయిన్ ఎర్రదాంట్లో ఎండిన నేరేడు, ఫ్రాన్సుదాంట్లో నాలుకను పట్టేసే వగరు. ఆమె ఇష్టంగానే చెబుతుంది. వినేవాళ్లే లేరు.

"కల్లు కంటె పుల్లగున్నది మేడం. జెర థమ్సప్ కలుపరాదు?" అన్నాడు గుట్కా ఆయన.

ప్రతి సీసా తెరిచినప్పుడూ ఆమె తొలిగుక్క హరీష్ గ్లాసులోనే పోస్తుంది. విందు ఇచ్చేవాడు ముందు రుచి చూసి బాగుందని తలూపాలి. అప్పుడే మిగతావాళ్లకు. పాడైన సరుకు చుట్టాల నోట పడకూడదని పెట్టుకున్న మర్యాద అది. మొత్తం వ్యవహారంలో హరీష్‌కు బాగా నచ్చిన ముక్క ఇదొక్కటే. గ్లాసు తిప్పి, వెలుతురుకు పెట్టి చూసి, కళ్లు మూసుకుని చప్పరించి, "ఫస్ట్‌క్లాస్. పొయ్యిండ్రి" అంటాడు. ఏజెంట్లు చప్పట్లు కొడతారు.

అందరూ విల్లాలు చూడటానికి వెళ్లాక నర్సమ్మ వచ్చింది. తూంకుంట నుంచి వచ్చి అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. బకెట్టులోకి తొంగి చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"గింత మంచి మంచి బట్టలేసుకొని వచ్చి గీ ఉమ్ముడేందమ్మా? మా ఇండ్లల్ల సంటిపిల్లలే నయం."

బకెట్టు సంగతి మామూలుగా బార్‌లో పనిచేసే పరమేష్ చూసుకునేవాడు. ఆ రోజు బామ్మర్ది ఇంట్లో దావత్ ఉందని పెందలాడే వెళ్లిపోయాడు. నర్సమ్మ బకెట్టును దూరంగా పట్టుకుని వెనకవైపు మురికికాలవ దాకా మోసుకెళ్లి బోర్లించింది. సబ్బుపొడి వేసి, పీచుతో లోపలా బయటా తోమి, ఎండలో పెట్టింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి హాలు తుడవటం మొదలుపెట్టింది.

హరీష్ తిరిగొచ్చి అటూ ఇటూ చూశాడు. "బకెట్ యాడ?"

"కడిగిన సారూ."

"అండ్ల ఉన్నదేమైంది?"

"పారవోసిన. అంతమంది ఉమ్మింది ఉంచుకుంటమా?"

హరీష్ మొహం మాడిపోయింది. "ఎవలనడిగి పారవోసినవ్? నీకెవలు చెప్పిన్రు? ఇగ రేపటి సంది రాకు నువ్వు. పో."

నర్సమ్మకు అర్థం కాలేదు. తుడుపుగుడ్డ చేతిలోనే ఉంది, నీళ్లు కారుతున్నాయి. ఆమె శ్రీదివ్య వైపు చూసింది. శ్రీదివ్య గ్లాసు తుడుస్తోంది. తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తోంది. ఉద్యోగం పర్మనెంట్ చేస్తూ సోమవారం లెటర్ ఇస్తానని హరీష్ ఆ మధ్యాహ్నమే చెప్పాడు. ఆ లెటర్ నోటికి అడ్డం పడింది. సిగ్గుగానే ఉంది. నర్సమ్మ గుడ్డ పిండి, కిటికీ చువ్వ మీద ఆరేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

*

శనివారం సాఫ్ట్‌వేర్ వాళ్లు పద్నాలుగుమంది వచ్చారు. వీళ్లు ఉమ్మడంలో ఏజెంట్ల కంటే నయం. కాకపోతే ఒకావిడకు జలుబు. ప్రతి గుక్కకూ తుమ్మి, గ్లాసులో మిగిలింది బకెట్టులో వంపేసింది. ఇంకొకాయన చికెన్ లాలీపాప్ నమిలిన నోటితోనే వైను పుచ్చుకుని, ఉమ్మి, ఎముక కూడా అందులోనే పడేశాడు. వాళ్లు వెళ్లాక పరమేష్ వచ్చి బకెట్టు మీద పళ్లెం మూతపెట్టి భద్రంగా లోపలికి తీసుకుపోయాడు. అంత భద్రం దేనికని శ్రీదివ్యకు అప్పుడు తోచింది. సీసాలు తెరిచే మర కనబడక అతన్ని వెతుక్కుంటూ వంటగదిలోకి వెళ్లింది.

పరమేష్ పెద్ద స్టీలు గిన్నె మీద పల్చటి గుడ్డ కట్టి బకెట్టును నెమ్మదిగా వంపుతున్నాడు. గుడ్డ మీద చికెన్ ఎముక, వేరుశనగ పొట్టు, ఒక చూయింగ్‌గమ్ ముద్ద మిగిలాయి. మిగిలిన జిగురును గరిటె వెనకభాగంతో ఒత్తి కిందికి దించుతున్నాడు, చింతపండు పులుసు పిండుతున్నంత శ్రద్ధగా. పక్కన నారింజపండ్లు చక్రాలుగా కోసి ఉన్నాయి. యాపిల్ ముక్కలు, దాల్చినచెక్క, చక్కెరపాకం, సోడా, వైనులో పండ్లు నానబెట్టి చేసే సంగ్రియాకు కావలసినవన్నీ.

"ఏం చేస్తున్నావు పరమేష్?"

అతను ఉలిక్కిపడలేదు. "రేపటికి సంగ్రియా మేడం. ఇయ్యాల కలిపి పెడితె రేపటికి మంచిగ దిగుతది."

"దీంతోనా?"

"సారే చెప్పిండు. గంత దూరంకెల్లి వచ్చిన ఫారిన్ సరుకు మోరిల పోసుడెందుకని. మొదట నాగ్గుడ ఎట్లనో అయింది. ఇగ అలవాటైంది." గరిటె గిన్నె అంచుకు కొట్టి దులిపాడు. "పోయిన ఐతారం మస్తు నడిచింది గద. గిన్నెలన్ని ఖాళీ. మీరే గద మేడం అందరికి చెప్పిన్రు."

ఔను. చెప్పింది తనే. పోయిన ఆదివారం హరీష్ ఒక జగ్గు తెచ్చిపెట్టి, మన హౌస్ స్పెషల్, రుచి చూసి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు. ఆమె రుచి చూసింది. ఉమ్మలేదు. మింగింది. అట్టముక్క మీద తన చేత్తోనే రాసిపెట్టింది. "నారింజ తొక్క, నేరేడు, చివర్లో కాస్త పొగ. అనేక ప్రాంతాలు కలిసిన లోతైన రుచి." ద్రాక్ష ఏ కొండ మీద పండిందో వాసన చూసి చెప్పే ముక్కు. ఏ బుగ్గలోంచి వచ్చిందో చెప్పలేకపోయింది. పైగా లోతు!

సింకు దగ్గరికి పరిగెత్తి మొహం వంచింది. ఏమీ రాలేదు. వారం కిందటిది ఇప్పుడు ఎక్కడ వస్తుంది? ఉప్పు వేసుకుని వేలితో పళ్లు తోముకుంది, నాలుక గీక్కుంది, గొంతు మండేదాకా పుక్కిలించింది. అసహ్యం నోట్లో ఉంటే పోయేది. అది నోట్లో లేదు.

"నేను చెప్పినట్టు సారుకు చెప్పకుండ్రి మేడం" అన్నాడు పరమేష్ వెనకనించి. "ఉత్త పుణ్యానికి నర్సమ్మను తీసేసిండు. రేపు నన్ను గుడ తీసేస్తడు."

మచ్చబొల్లారంలో ఇంటికొచ్చి కూర్చుంటే తల్లి నాగమణి కంచంలో వంకాయ పులుసుకూర వడ్డించింది. శ్రీదివ్య ముద్ద కలిపి, చేతిలోని ముద్దను చూసి, వదిలేసింది.

"ఏమైందే? ఒంట్లో బాలేదా?"

చెప్పేసింది. అంతా చెప్పింది. కూతురు చేసేది ఫుడ్ డిపార్ట్‌మెంటులో ఉద్యోగమని పక్కింటివాళ్లకు చెప్పుకునే నాగమణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని విన్నది.

"నువ్వు కూడా తాగావా?"

"తాగాను."

"ఛీ ఛీ" అంది నాగమణి. ఆ మాటతోబాటే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే బల్ల మీది మంచినీళ్ల చెంబును కూతురి పక్కనుంచి ఇటు లాగేసింది. లాగాక తెలిసింది. మళ్లీ అక్కడే పెట్టేసింది. ఇద్దరూ ఆ చెంబు వంక చూడలేదు.

కంచం తీస్తూ నాగమణే అంది. "ఆ నర్సమ్మ ఏం చేసిందని? ఆవిడ స్థానంలో ఉంటే నేనూ పారబోసేదాన్నే. నువ్వూ పారబోసేదానివే. వెళ్లి ఓసారి పలకరించిరావే."

*

ఆదివారం పొద్దున శ్రీదివ్య తూంకుంటలో బస్సు దిగింది. కొత్త లేఅవుట్ల వెనక రెండు గదుల రేకుల ఇల్లు. నర్సమ్మ గడపలో కూర్చుని పుంటికూర తెంపుతోంది. లేవలేదు. పీట మాత్రం జరిపింది.

"కూసో అమ్మా. చాయ్ పెట్టాల్నా?"

"వద్దు నర్సమ్మా."

"పని సంగతి అడుగుతలేనమ్మా" అంది నర్సమ్మ, కాడలు వేరుచేస్తూ. "యాడన్న దొరుకుతది. పాతికేండ్ల సంది ఇండ్లల్ల పని జేస్తున్న, ఒక్కలు ఒక్క మాట అన్లే. ఇప్పుడు ఏకదమ్ రాకు అన్నడు. ఎందుకన్నడో చెప్పలె. వాడకట్టు ఏమనుకుంటాందో ఎరికేనా? నర్సమ్మ ఏందో ఎత్కపోయినట్టుంది, గందుకే ఎల్లగొట్టిన్రు అనుకుంటాంది. నిన్న పక్కింటామె పిలిచి మరీ అడిగింది, ఏం తీసినవే అని." ఆకు చేటలో వేసి శ్రీదివ్య మొహంలోకి చూసింది. "నా తప్పేందో సారును అడుగమ్మా. గంతే. తప్పుంటె కాళ్లు మొక్కుత."

తప్పేమిటో శ్రీదివ్యకు తెలుసు. చెబితే, ఆ ఎంగిలిని అందరికీ పొగిడి తాగించింది నేనే అని కూడా చెప్పాలి. తన మీద తనకే రోత పుట్టింది.

"అడుగుతాను" అంది.

*

ఆ మధ్యాహ్నం క్లబ్‌హౌస్ హాలు కళకళలాడిపోతోంది. ఇరవైమంది దాకా కొనుగోలుదార్లు, భార్యలతో సహా. హరీష్ ఫోన్లోంచి పాటలు హాలు నాలుగు మూలల స్పీకర్లలో మెల్లగా మోగుతున్నాయి. మూలన సోఫాలో అతని తండ్రి యాదగిరి కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. ఈ భూములన్నీ ఒకప్పుడు ఆయన దున్నినవే. తెల్ల పంచె, తెల్ల తువ్వాలు.

"నాకొద్దు బిడ్డా గివన్ని" అన్నాడు, శ్రీదివ్య గ్లాసు పట్టుకుని వెళితే. "నాకు ఈతకల్లు చాలు. నువ్వు ఆళ్లకు పొయ్యి, నేను తమాషా చూస్త."

ఆరు సీసాలూ తెరిచింది. ప్రతి సీసా తొలిగుక్క హరీష్‌కు పోసి, అది ఎందుకో కొత్తవాళ్లకు విడమరిచి చెప్పింది. హరీష్ తిప్పాడు, చూశాడు, చప్పరించాడు, తలూపాడు. కొడుకు వాలకం చూసి యాదగిరి మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆరూ అయ్యాక పరమేష్ పొడుగాటి గాజుజగ్గు తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఎర్రటి సంగ్రియా. పైన నారింజ చక్రాలు తేలుతున్నాయి. చూడటానికి ఎంత అందంగా ఉందో! శ్రీదివ్యకు గుడ్డ మీది చూయింగ్‌గమ్ కళ్లముందు కనబడింది.

"ఇది మా హౌస్ స్పెషల్. మా మేడం రికమెండ్ చేస్తది, వినుండ్రి" అన్నాడు హరీష్.

"ఆవిడ చెప్పక్కర్లేదండీ, నేను చెబుతాను!" అంటూ ఫణిభూషణ్ అనే ఆయన తన భార్య చెయ్యి పట్టుకుని ముందుకొచ్చాడు. బ్యాంకు ఉద్యోగి. "మేడం, గుర్తున్నానా? పోయిన ఆదివారం మీరు చెప్పారని రెండు గ్లాసులు తాగాను. దీనికోసమే ఇవాళ మావిడను కూడా తీసుకొచ్చాను. నారింజ, నేరేడు, ఇంకేదో అన్నారే... ఆఁ, పొగ!"

ఆయన సంతోషం చూస్తుంటే శ్రీదివ్యకు ఏడుపొచ్చింది. తన మాట నమ్మి రెండు గ్లాసులు. ఇప్పుడు భార్య కూడా. ఆవిడ నవ్వుతూ ఖాళీ గ్లాసు చాపింది.

శ్రీదివ్య జగ్గు ఎత్తింది. ఆవిడ గ్లాసు దాటించి, హరీష్ ముందు ఆగి, అతని గ్లాసులో సగం దాకా పోసింది.

"ముందు మీరు సార్."

హరీష్ నవ్వాడు. "ఇది సీసాల సరుకు కాదు గద మేడం. ఆళ్లకు పొయ్యిండ్రి."

"ఏదైనా పద్ధతి అదే సార్. ఇంటాయన నోట పడి బాగుందంటేనే చుట్టాలకు."

"కరెక్టే, కరెక్టే" అన్నాడు ఫణిభూషణ్. ఆ మధ్యాహ్నం ఆరుసార్లు విన్న పాఠం కదా, అందరికీ కంఠతా వచ్చేసింది.

హరీష్ ఆమె కళ్లలోకి చూశాడు. తెలిసిందని అతనికి తెలిసిపోయింది. గుమ్మం వైపు చూశాడు. పరమేష్ అక్కడ లేడు.

"బాపు ముంగట తాగితె మంచిగుండదు" అన్నాడు గొంతు సవరించుకుంటూ.

"ఓర్నీ!" అన్నాడు యాదగిరి సోఫాలోంచి. "ఇప్పటిదాంక ఆరు తాగినవ్ గదరా నా ముంగట. ఏడోదానికి సిగ్గొచ్చిందా? తాగు, తాగు. ఆళ్లంత నిలవడ్డరు."

అందరూ నవ్వారు. హరీష్ కూడా నవ్వాడు. గ్లాసు తిప్పలేదు, వెలుతురుకు పెట్టి చూడలేదు. ఊపిరి బిగబట్టి నోట్లో పోసుకున్నాడు. పెదాలు మూసుకున్నాయి. బుగ్గలు ఉబ్బాయి. గొంతు మాత్రం కదల్లేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మెడ నరాలు బిగిశాయి. అక్కడే ఉన్న బకెట్టు మీదికి వంగి భళ్లున ఉమ్మాడు. ఉమ్మి, మళ్లీ ఉమ్మి, చేతిరుమాలుతో నాలుక తుడుచుకున్నాడు.

"అబ్బ, ఏం స్టైలండీ!" అంది ఫణిభూషణ్ భార్య. వాళ్లకు అదీ పాఠంలో భాగంలాగే తోచింది. చప్పట్లు కొట్టారు. గ్లాసులు ముందుకు చాపారు. "మాకూ పొయ్యండి మేడం!"

శ్రీదివ్య జగ్గు వంచబోయింది. వంచేదో కాదో ఆమెకే తెలియదు.

"వద్దు!" అని హరీష్ అరిచాడు. అందరూ ఆగిపోయారు. "అది... పాడైంది. పులిసిపోయింది. ఎవలకు పొయ్యకుండ్రి."

యాదగిరి లేచొచ్చాడు. జగ్గు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కల్లు వాసన చూసి ఏ చెట్టుదో చెప్పే మనిషి. కనుబొమలు ముడిపడ్డాయి.

"పులవలే గదరా ఇది. ఏందిది?"

హరీష్ శ్రీదివ్య వైపు తిరిగాడు. "మేడం, తీస్కపోయి పారవోయిండ్రి" అన్నాడు.

"నేను పారబొయ్యను సార్" అంది శ్రీదివ్య. "మొన్న శుక్రవారం ఆ బకెట్టులోది పారబోసినందుకు నర్సమ్మను పనిలోంచి తీసేశారు. ఆవిడ తప్పేమిటో మిమ్మల్ని అడగమంది. పొద్దున అడుగుతానని మాటిచ్చాను. అడుగుతున్నాను."

ఫణిభూషణ్ చాచిన గ్లాసు నెమ్మదిగా కిందికి దిగింది. ఆయన జగ్గును చూశాడు, బకెట్టును చూశాడు, మళ్లీ జగ్గును చూశాడు. రంగు అదే. ఆయన చెయ్యి కడుపు మీదికి పోయింది.

"ఏ నర్సమ్మరా?" అన్నాడు యాదగిరి. "మన తూంకుంట నర్సమ్మనా? ఆమెను తీసేసినవా?"

"బాపూ, తర్వాత మాట్లాడుదాం."

"ఫోన్ చెయ్యి. ఇప్పుడే. నా ముంగట."

తండ్రి గొంతులో ఆ రకం నెమ్మది హరీష్‌కు చిన్నప్పటి నుంచీ ఎరుకే. ఫోన్ తీసి నంబరు నొక్కాడు. పాట ఆగిపోయింది. ఫోన్ ఇంకా స్పీకర్లకే కలిపి ఉందని ఆ తొందరలో అతనికి తట్టలేదు. రింగు హాలు నాలుగు మూలల స్పీకర్లలోనూ మోగింది.

"హలో, ఎవలు?" నర్సమ్మ గొంతు గోడల్లోంచి వచ్చింది. వెనక ఎక్కడో కోడి కూస్తోంది.

"నర్సమ్మా, నేను హరీష్‌ని. రేపటి సంది పనికి రా."

"వస్త గని సారూ, నా తప్పేంది?"

హరీష్ స్పీకర్ల వైపు బిక్కమొహం పెట్టి చూశాడు. ఫోన్ మీద బొటనవేలు ఆడింది. యాదగిరి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదు" అన్నాడు హరీష్.

అవతల కోడి మళ్లీ కూసింది.

"ఏం తప్పు లేకుంటె మరి ఎందుకు తీసేసినవ్ సారూ?"

ఇరవైమంది ఖాళీ గ్లాసులు పట్టుకుని హరీష్ నోటి వంకే చూస్తున్నారు.